ఈఆర్‌సీపీ తర్వాత అమైలేజ్ 438 వచ్చింది, నాన్నగారికి నొప్పి లేదు. రెండు రోజులు ఆసుపత్రిలో ఆపడం అవసరమా?

నాగావళి_ఒడ్డు

మాది రాయగడ. నాన్నగారికి అరవై ఎనిమిదేళ్లు. పోయిన నెలలో పచ్చకామెర్లు వచ్చాయి. కళ్లు పసుపు పూసినట్టయ్యాయి, మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో పడింది. స్కానింగ్‌లో పిత్తనాళంలో రాయి ఉందన్నారు. విశాఖపట్నం తీసుకువెళ్లి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఈఆర్‌సీపీ చేయించాం. నోటి గుండా గొట్టం పంపి రాయి తీసి, నాళం మూసుకుపోకుండా ప్లాస్టిక్ స్టెంట్ అనే చిన్న గొట్టం పెట్టారు. పదకొండున్నరకల్లా బయటికి తెచ్చారు.

మూడున్నరకు నర్సు వచ్చి రక్తం తీసింది. అయిదింటికి కాగితం వచ్చింది. అమైలేజ్ 438, పక్కన పైకి చూపే బాణం, కింద సాధారణం 30 నుంచి 110 అని. నాన్నగారికి నొప్పి లేదు, వాంతి లేదు. "ఆకలేస్తోంది, ఇడ్లీ పెట్టించు" అంటున్నారు. అయినా ఆ రాత్రికి పంపం అన్నారు. ఒక రాత్రి కాస్తా రెండు రాత్రులైంది. రోజూ రక్తం తీశారు: 290, ఆ తర్వాత 130. తిరుగు టికెట్లు పోయాయి, బిల్లు పద్దెనిమిది వేలు పెరిగింది. "పాంక్రియాటైటిస్ కావచ్చు", అంటే క్లోమం వాచి ఉండవచ్చు, అని నోటితో అన్నారు గాని డిశ్చార్జి కాగితంలో ఆ మాటే లేదు. మరి అది వచ్చినట్టా, రానట్టా?

ఇంకో నెలలో స్టెంట్ తీయించడానికి మళ్లీ వెళ్లాలి. ఆ రోజు కూడా ఇలాగే అంకె చూసి ఆపేస్తారేమోనని ఇప్పటినుంచే దిగులుగా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి, అసలు ఈ పరీక్ష దేనికి?

గుణుపురం_గోపి

నొప్పి లేని మనిషిని రెండు రాత్రులు ఉంచారంటే గది అద్దె కోసమే. మా చిన్నాన్నకు రెండేళ్ల కిందట ఇదే చేశారు. రక్తం తీయలేదు, సాయంత్రానికి పంపేశారు. ఈ రోజుకీ నిక్షేపంగా ఉన్నారు.

దమన్‌జోడి_కోడలు

గోపిగారూ, మీ చిన్నాన్నగారు బాగున్నారు, సంతోషం. మా అత్తగారినీ అలాగే సాయంత్రానికి పంపేశారు. ఆ రాత్రి ఎలా గడిచిందో చెబుతాను.

ఆవిడకు యాభై రెండేళ్లు. పిత్తనాళంలోకి తీగ ఎక్కడానికి చాలాసేపు పట్టిందని డాక్టరే చెప్పారు. మధ్యాహ్నం మూడింటికి ఆవిడ "పై కడుపు బరువుగా ఉంది" అంది. లోపల గాలి నింపుతారు కదా, సర్దుకుంటుందన్నారు అక్కడివాళ్లు. రక్తం తీయలేదు. నాలుగున్నరకు కారులో బయల్దేరాం. విజయనగరం వరకు మామూలుగానే ఉంది. సాలూరు దాటి ఘాట్ ఎక్కుతుంటే మాట మానేసింది. వెనక్కి తిరిగి చూస్తే, ముందు సీటు వీపును రెండు చేతులతో పట్టుకుని, తల దానికి ఆనించి, ముందుకు వంగి కూర్చుంది. "పడుకో అత్తయ్యా" అంటే "పడుకుంటే వీపులోంచి పొడుస్తోంది, ఇలా ఉంటేనే కాస్త నయం" అంది. సుంకి దగ్గర బండి ఆపితే రోడ్డు పక్కనే వాంతి చేసుకుంది. చీకటి పడిపోయింది, ఫోనుకు సిగ్నల్ లేదు. ముందుకు వెళ్లాలా, వెనక్కి తిరగాలా తెలియక మా ఆయన స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని అలా ఉండిపోయారు.

ముందుకే వచ్చాం. మర్నాడు పొద్దున అమైలేజ్ 1,640. అంబులెన్సులో అదే ఘాట్ మళ్లీ దిగాం. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంది. ఇప్పుడు ఆరోగ్యంగానే ఉంది.

ఈ ఇబ్బంది ఎవరికైనా రావచ్చని ముందే చెప్పి సంతకం తీసుకున్నారు, ఆ విషయంలో నాకు కోపం లేదు. బరువుగా ఉంది అన్నప్పుడు ఒక్క సూది రక్తం తీసి చూసి ఉంటే ఆ రాత్రి మేం ఘాట్ మీద ఉండేవాళ్లం కాదు. నా బాధ అది.

గుణుపురం_గోపి

అమ్మా, ఈ సంగతి నాకు తెలియదు. గది అద్దె మాట వెనక్కి తీసుకుంటున్నాను. అత్తగారిని అడిగానని చెప్పండి.

ల్యాబ్‌లో_ఇరవైఏళ్లు

పర్లాకిమిడిలో ల్యాబ్ టెక్నీషియన్ని. పరీక్ష గురించి నాకు తెలిసింది చెబుతాను, వైద్యం సంగతి డాక్టర్లు చెప్పాలి.

అమైలేజ్ పిండిపదార్థాన్ని అరిగిస్తుంది, లైపేజ్ కొవ్వును. రెండూ క్లోమంలో తయారై చిన్నపేగులోకి వెళ్తాయి. క్లోమం దెబ్బతింటే అవి రక్తంలోకి కారతాయి. రక్తంలో అమైలేజ్ చూసి క్లోమం జబ్బును పట్టుకోవచ్చని 1929లో రాబర్ట్ ఎల్మన్ బృందం చూపించింది. అంటే మా వృత్తిలో బాగా పాత పరీక్షల్లో ఇదొకటి.

అమైలేజ్ లాలాజలంలో కూడా దండిగా ఉంటుంది. గాజు పైపెట్‌ను నోటితో పీల్చి పనిచేసే కాలం నాటి మా గురువుగారు అమైలేజ్ పరీక్ష రోజున ఎవరినీ మాట్లాడనిచ్చేవారు కాదు. ఒక చిన్న ఉమ్మి తుంపర పడినా అంకె ఎగిరిపోతుంది. ఇప్పుడు యంత్రాలు వచ్చాయి, ఆ బెడద లేదు.

రక్తం ఏ గొట్టంలో తీశారన్నదీ ముఖ్యమే. ఊదారంగు మూత గొట్టంలో ఉండే మందు కాల్షియాన్ని పట్టేస్తుంది. కాల్షియం లేకపోతే అమైలేజ్ పనిచేయదు, అంకె తప్పుగా తక్కువ వస్తుంది. ఎర్ర మూత గొట్టంలో గాని, జెల్ ఉన్న పసుపు మూత గొట్టంలో గాని తీయాలి. కొత్తగా చేరిన పిల్లలకు నేను మొదటి రోజు చెప్పే మాట ఇది.

ఇంకొకటి. ఒక ల్యాబ్ అంకెను ఇంకో ల్యాబ్ అంకెతో పోల్చకండి. లైపేజ్‌కు కొన్ని యంత్రాల్లో పైపరిమితి 60, మరికొన్నింటిలో 300. ఎన్ని రెట్లు పెరిగిందన్నదే లెక్క. నాగావళిగారి నాన్నగారిది 110కి 438, అంటే దాదాపు నాలుగు రెట్లు.

జయపురం_మాస్టారు

టెక్నీషియన్‌గారు వివరించిన తీరు బాగుంది. నాదొక సందేహం. నాలుగు రెట్లు పెరిగింది, మనిషి ఇడ్లీ అడుగుతున్నాడు. నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా, మరి నిప్పు ఎక్కడ?

వంశధార_గట్టు

మాస్టారి ప్రశ్నే నాదీ. మా మావయ్యకు ఈఆర్‌సీపీ తర్వాత నిజంగానే పాంక్రియాటైటిస్ వచ్చింది, తేలికపాటిది. నొప్పి మూడో రోజుకే తగ్గింది. కానీ లైపేజ్ తగ్గలేదని పదో రోజు దాకా గంజి, కొబ్బరినీళ్లతో సరిపెట్టాం. రోజూ ఫోనులో రిపోర్టు తెరవడం, అంకె ఇంకా 300 పైనే ఉందని గుండె జారిపోవడం. మనిషి నీరసించిపోయాడు. ఇదెవరూ చెప్పలేదు, మేమే సొంతంగా పెట్టుకున్న పథ్యం. అది తప్పా ఒప్పా?

పర్లాకిమిడి_వైద్యుడు

నేను జీర్ణకోశ వైద్య విభాగంలో పనిచేస్తున్నాను. నాగావళిగారి నాన్నగారి కాగితాలు నేను చూడలేదు, కాబట్టి ఆ డాక్టరు చేసింది తప్పనో ఒప్పనో అనను. పరీక్షను ఎలా అర్థం చేసుకోవాలో చెబుతాను.

ముందు మాస్టారి పొగ సంగతి. పిత్తనాళం, క్లోమనాళం రెండూ చిన్నపేగులో ఒకే చిన్న బుడిపె దగ్గర తెరుచుకుంటాయి. మనం పిత్తనాళంలోకి వెళ్లాలని చూస్తాం. తీగ ఒక్కోసారి క్లోమనాళంలోకి జారుతుంది, రంగుమందు అటు వెళుతుంది, లేదా గుచ్చి గుచ్చి ఆ బుడిపె వాస్తుంది. అంతమాత్రానికే ఎంజైమ్ కొంత రక్తంలోకి వస్తుంది. ఈఆర్‌సీపీ చేయించుకున్నవాళ్లలో చాలామందికి, కొన్ని లెక్కల్లో నూటికి డెబ్బై అయిదుమంది వరకు, అంకె ఎంతో కొంత పెరుగుతుంది. పాంక్రియాటైటిస్ వచ్చేది మాత్రం నూటికి మూడు నుంచి పదిమందికే. పొయ్యిలో కట్టె కదిపినా పొగ లేస్తుంది, ఇల్లు అంటుకున్నా లేస్తుంది. ఏది ఏదో నొప్పి చెబుతుంది.

1991లో పీటర్ కాటన్, ఆయన సహచరులు కూర్చుని పెట్టుకున్న కొలత ఇది: ఈఆర్‌సీపీ తర్వాత కొత్తగా కడుపునొప్పి రావాలి లేదా ఉన్న నొప్పి పెరగాలి, 24 గంటలు దాటాక అమైలేజ్ కనీసం మూడు రెట్లు ఉండాలి, ఆ కారణంగా ఆసుపత్రిలో ఉండాల్సి రావాలి. మూడూ కలిస్తేనే పాంక్రియాటైటిస్ అని పేరు పెడతాం. 2012లో సవరించిన అట్లాంటా వర్గీకరణ ప్రకారమైతే నొప్పి, మూడు రెట్ల ఎంజైమ్, స్కానింగ్‌లో వాపు, ఈ మూడింట్లో రెండు కావాలి. మీ నాన్నగారికి నొప్పి లేదు. కాబట్టి డిశ్చార్జి కాగితంలో ఆ పేరు రాయకపోవడం సరైన పనే.

మరి నాలుగు గంటల పరీక్ష దేనికి? అంకె తక్కువగా ఉంటే ధైర్యంగా పంపడానికి. యూరప్ ఎండోస్కోపీ సంఘం 2020 మార్గదర్శకాల్లో ఉన్నదేమిటంటే, నొప్పి ఉండి అదే రోజు ఇంటికి వెళ్లాల్సినవాళ్లకు రెండు నుంచి ఆరు గంటల మధ్య అమైలేజ్ గాని లైపేజ్ గాని చూడాలి. అమైలేజ్ పైపరిమితికి ఒకటిన్నర రెట్ల లోపు, లైపేజ్ నాలుగు రెట్ల లోపు ఉంటే పాంక్రియాటైటిస్ భయం లేకుండా పంపవచ్చు. దమన్‌జోడి అక్కయ్య అత్తగారికి ఆ రోజు ఈ పరీక్షే జరగాల్సింది. బరువుగా ఉంది అన్న మాటే నొప్పి కింద లెక్క. వీపులోకి పొడవడం, ముందుకు వంగితే నయంగా ఉండటం, వాంతి, ఇవన్నీ క్లోమం చెప్పే మాటలే.

వంశధారగారికి. అంకె తగ్గేదాకా ఆకలితో ఉంచనక్కర్లేదు. అమైలేజ్ మూడు నుంచి అయిదు రోజుల్లో దిగుతుంది, లైపేజ్ ఒకటి రెండు వారాల దాకా పైనే ఉండవచ్చు. రోగం ఎంత తీవ్రమో ఆ అంకె చెప్పదు. 2,000 వచ్చి మూడు రోజుల్లో నడిచి వెళ్లినవాళ్లు ఉన్నారు, 500తో ఐసీయూకి వెళ్లినవాళ్లూ ఉన్నారు. నిర్ధారణ అయ్యాక రోజూ కొలవడం వల్ల లాభం లేదు. నొప్పి తగ్గి, ఆకలి వేస్తే తిండి మొదలుపెట్టవచ్చు.

వంశధార_గట్టు

ఈ మాట అప్పుడు ఒక్కరు చెప్పినా మావయ్యకు వారం ముందే అన్నం దొరికేది. నాలుగో రోజునుంచే పఖాళ (చద్దన్నం), బడి చూరా (వడియాల పొడి) అని కలవరించాడు పాపం.

నాగావళి_ఒడ్డు

డాక్టరుగారూ, దండాలు. ఇంత విడమరచి అక్కడ ఎవరూ చెప్పలేదు. దమన్‌జోడి అక్కా, మీ అత్తగారి సంగతి చదివాక నా పద్దెనిమిది వేల బాధ చిన్నదైపోయింది.

జయపురం_మాస్టారు

ఒకటి తేలలేదు. నొప్పి ఉన్నవాళ్లకే చేయాలంటున్నారు డాక్టరుగారు. విశాఖలోనే ఇల్లు ఉన్నవాడికి అది సరిపోతుంది. రాత్రి నొప్పి వస్తే ఆటో ఎక్కి వెళ్తాడు. మాకు జయపురం చేరాలంటే ఘాట్ ఎక్కాలి. మల్కనగిరివాళ్లకు ఇంకా దూరం. ఇక్కడికి వచ్చాక నొప్పి మొదలైతే ఏ రాత్రి ఎవరు చూస్తారు? అలాంటివాళ్లకు నొప్పి లేకపోయినా చేయడమే మేలు కదా?

ల్యాబ్‌లో_ఇరవైఏళ్లు

మాస్టారి మాటే నా మాట. పైగా ఇటువైపు చిన్న ఊళ్లలో చాలాచోట్ల సాయంత్రం నమూనాలు సేకరించి బస్సులోనో రైల్లోనో పెద్ద ఊరికి పంపుతారు. అమైలేజ్ నమూనా గది వేడిమిలో కూడా రోజుల తరబడి చెడిపోదు. కానీ రిపోర్టు వచ్చేసరికి తెల్లారుతుంది. నాలుగు గంటల అంకె కావాలంటే యంత్రం ఆ ఆసుపత్రిలోనే ఉండాలి. కాబట్టి అక్కడ ఉండగానే చేయించుకోవాలి. చేయిస్తే లైపేజ్ చేయించండి. అది లాలాజలంతో కలగాపులగం కాదు.

పర్లాకిమిడి_వైద్యుడు

టెక్నీషియన్‌గారితో సగం ఏకీభవిస్తాను. మామూలు కడుపునొప్పికి లైపేజ్ మెరుగు. ఈఆర్‌సీపీ తర్వాత కొన్ని గంటల్లోనే చూసేటప్పుడు మాత్రం ఏదైనా పనికివస్తుంది, ఆసుపత్రిలో త్వరగా దొరికేది చేయించుకోండి. ఒకటిన్నర రెట్ల గీత అమైలేజ్‌ది, నాలుగు రెట్ల గీత లైపేజ్‌ది. రెండూ కలిపేయకండి.

మాస్టారూ, అందరికీ చేస్తే వచ్చే చిక్కు ఈ చర్చ మొదట్లోనే ఉంది. నొప్పి లేనివాళ్లలోనూ చాలామందికి, నాగావళిగారి నాన్నగారికి వచ్చినట్టే, అంకె ఎంతో కొంత పైకి వస్తుంది. కాగితం మీద బాణం చూశాక పంపడానికి డాక్టరుకు చేయి రాదు. అయినా మీరన్న దూరం నిజం. నాళం దొరకడం కష్టమైనప్పుడు, తీగ క్లోమనాళంలోకి వెళ్లినప్పుడు, వయసు తక్కువ ఆడవాళ్లకు, ఇంతకుముందు పాంక్రియాటైటిస్ వచ్చినవాళ్లకు ప్రమాదం ఎక్కువ. అలాంటివాళ్లు దూరం వెళ్లాల్సి ఉంటే నొప్పి లేకపోయినా నేను చూస్తాను. అంకె తక్కువ ఉంటే పంపుతాను. ఎక్కువ ఉంటే మందులు మొదలుపెట్టను, ఆ రాత్రి ఊరు వదలవద్దంటాను. ఆసుపత్రి గదిలోనే ఉండాలనేమీ లేదు, దగ్గరలో బస చేస్తే చాలు.

జయపురం_మాస్టారు

ఆ రాత్రి ఊరు వదలవద్దు. ఈ మాట బాగుంది. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను, ఇలా ముక్కుసూటిగా చెప్పే పాఠం నాకు నచ్చుతుంది.

బరంపురం_బాబాయి

మా బావమరిది సంగతి వినండి. ఆయనకు ఈఆర్‌సీపీకి ముందే అమైలేజ్ రెండున్నర రెట్లు. ఏళ్ల తరబడి అంతే. నొప్పి లేదు, తాగుడు లేదు. చివరికి తేలిందేమిటంటే, ఆయన రక్తంలో అమైలేజ్ వేరే ప్రొటీన్లకు అతుక్కుని పెద్ద ముద్దగా తిరుగుతోంది. మూత్రపిండాలు దాన్ని బయటికి పంపలేవు, అందుకే ఎప్పుడూ పైనే ఉంటుంది. మాక్రో అమైలేజ్ అంటారట. జబ్బు కాదు. ఈఆర్‌సీపీకి ముందు ఒకసారి అంకె చూసి పెట్టుకోవడం వల్ల ఆయన బతికిపోయాడు, లేకపోతే ఆయన్నీ రెండు రాత్రులు ఉంచేవారు.

ల్యాబ్‌లో_ఇరవైఏళ్లు

బాబాయిగారూ, సరిగ్గా చెప్పారు. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లకు కూడా అంకె ముందునుంచే పైన ఉండవచ్చు. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు మరీ ఎక్కువ ఉన్నవాళ్లకు ఇది తలకిందులు, జబ్బు ఉన్నా అమైలేజ్ మామూలుగా కనిపించే ప్రమాదం ఉంది. వాళ్ల రక్తం గొట్టంలో నిలబెడితే పైన పాలలా తేలుతుంది.

గుణుపురం_గోపి

రక్తంతో ఇంత తర్జనభర్జన ఎందుకు, నేరుగా సీటీ స్కాన్ తీస్తే క్లోమం కనిపిస్తుంది కదా?

పర్లాకిమిడి_వైద్యుడు

మొదటి గంటల్లో తీస్తే క్లోమం మామూలుగానే కనిపించవచ్చు, గోపిగారూ. కణజాలం చచ్చిందా లేదా అన్నది మూడు నాలుగు రోజులకు గాని స్కాన్‌లో స్పష్టం కాదు. తీవ్రత అంచనాకు రోగి తీరు, ఊపిరి, మూత్రం, యూరియా చూస్తాం. 48 గంటలకు సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) 150 దాటిందంటే జాగ్రత్తపడతాం. పేగుకు చిల్లు పడిందేమోనన్న అనుమానం వస్తే మాత్రం సీటీ వెంటనే తీయాలి. ఈఆర్‌సీపీ తర్వాత వచ్చే నొప్పంతా క్లోమానిదే కాదు. చిల్లు పడినా అమైలేజ్ పెరగవచ్చు. చలితో జ్వరం వస్తే పిత్తనాళంలో ఇన్‌ఫెక్షన్, మలం తారులా నల్లగా వస్తే రక్తస్రావం. ఈ రెండింటికీ అమైలేజ్ కోసం కూర్చోకుండా వెంటనే రావాలి.

నాగావళి_ఒడ్డు

స్టెంట్ తీసేటప్పుడు మళ్లీ ఇదంతా ఉంటుందా డాక్టరుగారూ? ముందుజాగ్రత్త మందు ఏదైనా ఉందా?

పర్లాకిమిడి_వైద్యుడు

స్టెంట్ తీయడం మాత్రమే అయితే చాలా తేలిక. ముఖద్వారం మొదటిసారే కోసి వెడల్పు చేసి ఉంటారు. పేగులోకి వేలాడుతున్న కొసను పట్టుకుని లాగడమే. ప్రమాదం మొదటిసారి కంటే బాగా తక్కువ.

మందు ఉంది. ఇండోమెథాసిన్ గాని డైక్లోఫెనాక్ గాని 100 మిల్లీగ్రాములు, మలద్వారంలో పెట్టే బిళ్ల. 2012లో అమెరికాలో ప్రమాదం ఎక్కువున్న 602 మంది మీద చూశారు. ఇండోమెథాసిన్ పెట్టినవాళ్లలో 9.2 శాతానికి పాంక్రియాటైటిస్ వచ్చింది, పెట్టనివాళ్లలో 16.9 శాతానికి. ఈఆర్‌సీపీకి ముందు వెంటనే అందరికీ పెట్టమని యూరప్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ జాతి నొప్పిమందులు పడనివాళ్లకు, మూత్రపిండాలు సరిగా లేనివాళ్లకు, గర్భిణులకు పెట్టరు. రింగర్ లాక్టేట్ సెలైన్ ధారాళంగా ఎక్కించడం, కొందరికి క్లోమనాళంలో సన్నని స్టెంట్ పెట్టడం కూడా ఉన్నాయి. సిగ్గుపడకుండా "బిళ్ల పెడుతున్నారా" అని అడగండి.

ఇంతకీ పిత్తాశయం తీయించారా?

నాగావళి_ఒడ్డు

లేదండీ. అందులోనూ చిన్న రాళ్లున్నాయి. ఇప్పుడు నొప్పి లేదు కదా అని నాన్నగారు ఒప్పుకోవడం లేదు.

పర్లాకిమిడి_వైద్యుడు

రాళ్లు అక్కడే ఉంటే మళ్లీ ఒకటి కిందికి జారుతుంది, మళ్లీ కామెర్లు, మళ్లీ ఈఆర్‌సీపీ. అసలు రెండు వారాల్లోపు తీయించాల్సింది. స్టెంట్‌కు వెళ్లేలోపే సర్జన్‌ను కలవండి.

బరంపురం_బాబాయి

ఖర్చు గురించి ఒక మాట. ఒడిశా కూడా 2025లో ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. కార్డు ఉంటే, వెళ్లే ముందే ఆ ఆసుపత్రి జాబితాలో ఉందో లేదో ఫోను చేసి కనుక్కోండి. మేం అక్కడికి వెళ్లాక అడిగి రోజంతా కౌంటర్ల చుట్టూ తిరిగాం.

దమన్‌జోడి_కోడలు

నాగావళి తమ్ముడూ, ఇంకొకటి నా తరఫున. బయల్దేరే ముందు మీ నాన్నగారిని "బాగుందా" అని అడగకు. మా అత్తగారిలా "బాగానే ఉంది, పదండి" అంటారు, పిల్లలకు ఇబ్బంది అవుతుందని. బొడ్డుకు పైన చేయి పెట్టి నొక్కి, ముఖం చూడు.

నాగావళి_ఒడ్డు

నెల తర్వాత రాస్తున్నాను. పిత్తాశయం ఆపరేషన్ పోయిన వారమే అయింది. నాన్నగారిని ఒప్పించడానికి ఈ చర్చంతా చదివి వినిపించాను. దమన్‌జోడి అక్క రాసిన ఘాట్ రాత్రి దగ్గర "ఆపు" అన్నారు, కాసేపటికి "సరే, చేయించండి" అన్నారు.

ఈ రోజు పదిన్నరకు స్టెంట్ తీశారు. బిళ్ల పెట్టారా అని అడిగాను. ముందే పెట్టామన్నారు నర్సమ్మ. ఒంటిగంటకు అక్క చెప్పినట్టు కడుపు మీద చేయి పెట్టి నొక్కాను. "అక్కడ కాస్త పట్టినట్టుంది" అన్నారు. నేను వెంటనే వెళ్లి చెప్పాను. ఆపరేషన్ కుట్ల వల్ల కావచ్చన్నారు, అయినా రాయగడ వెళ్లాలని చెప్పేసరికి మారుమాట లేకుండా రక్తం తీశారు. ఎర్ర మూత గొట్టమే, చూశాను. రెండున్నరకు తీస్తే నాలుగింటికి వచ్చింది: అమైలేజ్ 92. బాణం లేదు. డాక్టరు వచ్చి కడుపు నొక్కి చూసి "వెళ్లవచ్చు" అన్నారు.

సాయంత్రం రైలుకు టికెట్లు ఉన్నాయి. రద్దు చేశాను. రేపు పొద్దున వెళ్తాం.

జయపురం_మాస్టారు

92 అంటే పైపరిమితి లోపే. వెళ్లవచ్చు కదా నాయనా, టికెట్లు ఎందుకు పోగొట్టుకున్నావు?

నాగావళి_ఒడ్డు

తెలుసు మాస్టారూ. డాక్టరుగారి లెక్క ప్రకారం వెళ్లవచ్చు. నొప్పి పూర్తిగా పోయిందని నాన్నగారి నోటితో వినేదాకా నాకు కాళ్లు ఆడలేదు.

దమన్‌జోడి_కోడలు

లాడ్జి ఎక్కడ తీసుకున్నావు? రాత్రి అవసరమైతే ఆటో దొరుకుతుందా?

నాగావళి_ఒడ్డు

ఆసుపత్రి గేటుకు ఎదురుగానే అక్కా, ఆటో అక్కరలేదు. రెండు ఇడ్లీలు తిన్నారు. ఇప్పుడే మళ్లీ నొక్కి చూశాను. చేయి తోసేసి "నిద్రపోనివ్వరా" అన్నారు, అటు తిరిగి పడుకున్నారు.